వంటమ్మ చీటీ

నూట నలభై మంది పిల్లలకు రోజూ వండి వడ్డించే ముత్తమ్మ ఇంట్లో, కన్నకూతురు నిన్న సాయంత్రం నుంచి మెతుకు ముట్టలేదు.

పళ్ళెంలో అన్నం పెట్టి మూత వేస్తే తెల్లారేదాకా అలాగే ఉంది. టీ పోసి పక్కన పెడితే చల్లారి మీగడ కట్టింది. రాణి మాత్రం మంచం దిగలేదు. చున్నీ నెత్తిమీదుగా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కిటికీ కొక్కేనికి ఇస్త్రీ చేసిన నీలం చీర వేలాడుతోంది. కుచ్చిళ్ళు పోయడం నేర్పమని వారం రోజులుగా తల్లి ప్రాణం తోడేసింది ఈ పిల్లే.

"ఏడున్నరైంది, లెవ్వు బిడ్డా. బడికి ఆఖరి రోజు. అందరికంటె ముందుగాల పోవాలని నువ్వే అంటివి గదా."

"నేను పోను."

"ఎందుకు పోవు?"

"రాత్రే చెప్పిన. మళ్ళ మళ్ళ అడగకు."

చెప్పిన మాట నిజమే. ఏడుపు మధ్యలో, ముక్కు చీదుతూ, సగం సగం చెప్పింది. మిగతా సగం ముత్తమ్మే కూడదీసుకుంది.

ఆ ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్లల వీడ్కోలు రోజున ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఒక్కరోజూ బడి వాళ్ళదే. పదో తరగతి వాళ్ళే హెడ్మాస్టరు, సార్లు, టీచర్లు అయి పాఠాలు చెబుతారు. అసలు సార్లు బుద్ధిగా పిల్లల బెంచీల్లో కూర్చుని వింటారు. ఎవరు ఏమవుతారో ముందురోజు చాక్‌పీసుల డబ్బాలోంచి చీటీలు తీసి తేలుస్తారు. రాణి ఆరో తరగతి నుంచి ఆ రోజు కోసం ఎదురుచూసింది. హెడ్మాస్టరు కాకపోయినా ఇంగ్లీషు టీచరైనా కాకపోతానా అనుకుంది. తీరా చీటీ విప్పితే అందులో 'వంటమ్మ' అని ఉంది.

"ఎన్నడు లేని చీటీ ఈ ఏడే ఎందుకేసిండ్రు?" రాణి దిగ్గున లేచి కూర్చుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఈ బ్యాచ్‌ల నేనున్ననని! నేను చీటీ సదవంగనే అందరు నవ్విండ్రు. చప్పట్లు గూడ కొట్టిండ్రు."

"నవ్వితే నవ్వనీ. వండుడు దొంగతనమా?"

"నీకు గాదు."

"మరి నీకా?"

చీటీని చింపిన రెండు ముక్కలు మంచం కింద పడి ఉన్నాయి. ముత్తమ్మ వంగి వాటిని తీసి, ఏం చేయాలో తోచక కొంగున ముడేసుకుంది.

"నాయిన మిర్యాలగూడల రూం మాట్లాడిండు గదా," అంది రాణి కాసేపటికి, గొంతు తగ్గించి. "జల్ది పోదం. గాడ నువ్వేం పని చేస్తవో ఎవ్వలకు తెల్వదు. నాకు గదొక్కటి సాలు."

ముత్తమ్మకు కోపం వచ్చిందా అంటే వచ్చింది. రాకపోవడానికి ఆమేమీ దేవత కాదు. అయితే ఆమె కోపం నోట్లోకి రాదు, చేతుల్లోకి వస్తుంది. ఆ పూట అంట్లు తోమిన తీరు చూస్తే, గిన్నెలకు నోరుంటే కేకలు పెట్టేవి.

భర్త సోమయ్య మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. వారానికోసారి వచ్చి, ఒక పూట ఉండి, మళ్ళీ బస్సెక్కుతాడు. రాణి ఇంటర్ చదువు అక్కడేనని, ఇక అందరం ఒకచోటే ఉందామని పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ తేల్చేశాడు. బడిలో పని మానేస్తానని హెడ్మాస్టరుకు చెప్పే బాధ్యత ముత్తమ్మది. సోమవారం చెబుతాననుకుంది. మంగళవారం అనుకుంది. రోజూ పొయ్యి వెలిగించాక రేపు చెబుదాంలే అనిపించేది. పదకొండేళ్ళ పని. కడుపున పుట్టింది ఒక్కతే అయినా, ఆ షెడ్డు ముందు పళ్ళేలు పట్టుకుని నిలబడే ప్రతి ముఖమూ ఆమెకు తన పిల్లదే.

ఇవాళ చెప్పక తప్పదనుకుంది. సాయంత్రం సోమయ్య వస్తాడు, వచ్చీరాగానే అదే అడుగుతాడు.

"నేను పోయి సార్‌ను అడుగుత," అంది చెప్పులేసుకుంటూ. "చీటీ మార్పిస్త. నువ్వు తానం చేసి రా."

రాణి చున్నీ మళ్ళీ నెత్తిమీదికి లాక్కుంది.

*

బడి ఆవరణలో షామియానా కడుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు బెలూన్లు ఊదుతూ, ఊదినవి పగలగొడుతూ, మొత్తానికి లెక్క సరిచేస్తున్నారు. వంట షెడ్డులో సారమ్మ అప్పటికే బియ్యం చెరుగుతోంది. ముత్తమ్మతో పాటు మొదటి నుంచీ వండుతున్న మనిషి. వయసు అరవైకి దగ్గరైనా నోరు మాత్రం ఇరవైలోనే ఉంది.

"ఏందే, మొఖం గట్ల వెట్టినవ్? వీడ్కోలు పిల్లలకా, నీకా?"

"నువ్వు జర ఊకో అక్క," అని ముత్తమ్మ ఆఫీసు గది వైపు నడిచింది.

హెడ్మాస్టరు కుర్చీలో పదో తరగతి చైతన్య కూర్చుని ఉన్నాడు. వాళ్ళ నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, వాటిలోంచి ఏమీ కనబడక పైనుంచి చూస్తున్నాడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు గంభీరంగా. ముత్తమ్మను గుర్తుపట్టగానే లేచి నిలబడ్డాడు. "అక్కా, సార్ ఏడో తరగతిల ఉన్నడు."

హెడ్మాస్టరు మురళీధర్ సార్ నిజంగానే ఏడో తరగతి మొదటి బెంచీలో, మోకాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక అడ్డంగా కూర్చుని, లెక్కలు రాసుకుంటున్నాడు. పాఠం చెబుతున్నది తండా నుంచి వచ్చే నీలా. వాళ్ళమ్మ చీర కట్టుకుని, చేతిలో స్కేలు పట్టుకుని మహా కఠినంగా ఉంది. సార్ చెయ్యెత్తి, అనుమతి అడిగి, బయటికి వచ్చాడు.

"సార్, మా రాణి చీటీ జర మార్చుండ్రి," అంది ముత్తమ్మ. "పొల్ల రాత్రి సంది అన్నం తింటలేదు. పరీక్షలు దగ్గరికొచ్చె. ఆమె మనసు గిట్ల పాడైతే ఎట్ల సార్?"

"మార్చడానికి ఇవాళ నాకు అధికారం ఎక్కడిది? నేను ఏడో తరగతి," అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "ఆ చీటీ వేసింది నేను కాదు ముత్తమ్మా. వేసినవాళ్ళే చెబుతారు. నీలా, ఇటు రామ్మా."

నీలా స్కేలు పట్టుకునే వచ్చింది. విషయం వినగానే కాఠిన్యమంతా పోయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనే రాసినక్కా. ఏటేటా సార్ల లెక్కనే తయారైతరు. మరి మనకు అన్నం పెట్టినామె లెక్క ఎవ్వరు గారేంది అని నేనే అన్న. తండా నుంచి పొద్దున ఆరింటికి బయలెల్లుతం, ఏం తినకుంటనే. మధ్యాహ్నం దాకా నీ షెడ్డు దిక్కే సూస్కుంట కూసుంటుంటి నేను. పాఠం ఏం ఎక్కుతుండె?"

"మరి అందరు నవ్విండ్రంట గదా?"

"గా చీటీ నాకు రావాలె నాకు రావాలె అని పదిమందిమి కొట్లాడినమక్కా. రాణికే వచ్చేసరికి, ఆమె బిడ్డకే వచ్చిందని సంబురంతోని చప్పట్లు కొట్టినం. ఆమె ఏడ్చుకుంట ఉరికింది. పొద్దుమూకి మీ ఇంటికొచ్చినం. నువ్వు ఇంట్ల లేవు, ఆమె తలుపు తియ్యలేదు."

పదకొండేళ్ళలో గుడ్డు చిన్నదైందని అడిగినవాళ్ళున్నారు, సాంబారులో ముక్కలు తక్కువయ్యాయని అడిగినవాళ్ళున్నారు. ముత్తమ్మలా ఉండాలని కొట్లాడుకున్నవాళ్ళున్నారని వినడం ఇదే మొదలు. పని మానేస్తానని చెప్పడానికి తెచ్చుకున్న మాట, ఇప్పుడు బయటికి తీయబుద్ధి కాలేదు.

"ఈ ముచ్చట నాకు గాదు, దానికి చెప్పు బిడ్డా. పో," అంది చివరికి.

నీలా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గేటు వైపు పరుగెత్తింది. ఏడో తరగతి పిల్లలు లెక్కల టీచరు పారిపోయిందని కేకలు పెట్టారు.

"ఇంకొకటి," అన్నాడు సార్. "మేమంతా బెంచీల్లో కూర్చున్నాం. నువ్వూ సారమ్మా ఇవాళ పంక్తిలో కూర్చోవాలి. గరిట ముట్టడానికి వీల్లేదు."

*

రాణి పదిన్నరకు వచ్చింది. చీర కట్టలేదు, రోజూ వేసుకునే యూనిఫాం డ్రెస్సులోనే వచ్చింది. నీలా చెయ్యి పట్టుకుని ఉంది. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టి, అన్ని వైపులా చూసింది. ఐదేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సారమ్మకు కూడా నోరు కట్టుబడింది. అది చిన్న విషయం కాదు.

"ఉప్పు యాడుంది?" అంది రాణి.

"నీలం డబ్బల."

"ఎంతెయ్యాలె?"

"సాంబార్ల మూడు పిడికిళ్ళు."

రాణి డబ్బాలో చెయ్యి పెట్టి ఆగింది. "నా పిడికిలా, నీదా?"

"నాది."

రాణి ఉప్పుతో పిడికిలి బిగించి తల్లి ముందుకు చాపింది. ముత్తమ్మ తన పిడికిలి దాని పక్కన పెట్టింది. ఒకటి తెల్లగా, చిన్నగా, పెన్ను పట్టి పట్టి వేలి మీద గట్టిపడిన మచ్చతో. ఇంకొకటి వేడికి మాడి, గోళ్ళు అరిగి. రాణి ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది.

"ఒకటిన్నర పిడికిలి ఎక్కువెయ్యి," అంది ముత్తమ్మ మెల్లగా. అని, గరిట గోడకు ఆనించి, బయటికి వచ్చేసింది. బయటికైతే వచ్చింది గానీ ప్రాణమంతా పొయ్యి దగ్గరే ఉంది. అన్నం వార్చేటప్పుడు ఆవిరి కొట్టకుండా పక్కకు జరగాలని చెప్పడం మరిచిపోయింది. రెండుసార్లు లేవబోతే, "నేనే లేస్తలేను, నువ్వేంది!" అని సారమ్మ కొంగు పట్టి లాగింది.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలతో వరుస కట్టారు. గుడ్లూ అన్నమూ రాణి చేతిలో, సాంబారు చైతన్య చేతిలో. ముత్తమ్మ వరండాలో మురళీధర్ సార్‌కూ సారమ్మకూ మధ్య కూర్చుంది. కూర్చోవడం ఎంత కష్టమైన పనో ఆమెకు అప్పుడే తెలిసింది.

"అక్కా, నాకు గుడ్డు ఒలిచి పెట్టాలె," అన్నాడు చేతికి పట్టీ కట్టుకున్న ఆరో తరగతి పిల్లాడు. "వంటమ్మ రోజు ఒలిచి పెడతది."

రాణి ఒలిచి పెట్టింది.

"అక్కా, నేను గుడ్డు తిననని తెల్వదా? నాకు అరటిపండు పక్కకు తీసి పెడతది గదా."

అరటిపళ్ళు ఎక్కడున్నాయో రాణికి తెలియదు. వెతికి తెచ్చింది.

"నాకు అడుగు మాడు కావాలె."

"నా అన్నంల సాంబారు పొయ్యొద్దు, పక్కకు పొయ్యాలె."

గేమ్యా అనే ఎనిమిదో తరగతి అబ్బాయి ఏమీ అడగలేదు. అన్నం వేయించుకుని, అక్కడే నిలబడ్డాడు.

"ఏం కావాలె?" అంది రాణి.

"ఏం లేదక్కా."

"మరి నిలబడ్డవ్?"

వాడు తల దించుకున్నాడు. వెనకున్న పిల్ల చెప్పింది. "వాళ్ళమ్మ నాయిన మిర్చి ఏరబోయిండ్రు అక్కా. ఇంట్ల ముసలమ్మనే ఉంటది. వానికి రెండు గంటెలు ఎక్కువెయ్యాలె. వాడు అడుగడు. వంటమ్మ అడగకముందే ఏస్తది."

రాణి గరిట గాల్లో ఆగిపోయింది. వరుస మీదుగా చూసింది. ఇంకా తొంభై మంది ఉన్నారు. తొంభై పళ్ళేలు, ఒక్కో పళ్ళేనికి ఒక్కో సంగతి, ఏదీ ఎక్కడా రాసిపెట్టి లేదు. వరండాలో కూర్చున్న తల్లి వైపు తిరిగింది. ముత్తమ్మ ఆ చూపు తట్టుకోలేక పళ్ళెంలోకి చూసుకుంది.

గేమ్యా పళ్ళెంలో మూడు గరిటెలు పడ్డాయి.

అన్ని పళ్ళేలూ నిండాక రాణి చివరి పళ్ళెం తెచ్చి ముత్తమ్మ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎట్లుంది?" అని అడిగింది.

"అన్నం మెత్తగైంది," అంది ముత్తమ్మ. వంట విషయంలో ఆమె కూతురికి కూడా అబద్ధం చెప్పదు. "మంచిగుంది బిడ్డా. నువ్వు గూడ తిను."

నిన్న సాయంత్రం నుంచి తినని పిల్ల, తల్లి పళ్ళెంలోంచే కలుపుకుని తినడం మొదలుపెట్టింది. మురళీధర్ సార్ అటు తిరిగి నీళ్ళు తాగాడు.

*

సభ మూడింటికి మొదలైంది. తొమ్మిదో తరగతి వాళ్ళు అక్కయ్యలకూ అన్నయ్యలకూ ఒక్కో పెన్నూ ఒక్కో అట్టా ఇచ్చి, పరీక్షలు బాగా రాయమని దండాలు పెట్టారు. సార్లు మాట్లాడారు. నీలా అందరి తరఫునా కృతజ్ఞతలు చెప్పింది. సగంలో ఏడ్చింది, ఏడ్చి మళ్ళీ పూర్తి చేసింది. లెక్కల సార్‌కు, తెలుగు టీచరుకు, తండా పిల్లల కోసం బస్సు ఆపించిన హెడ్మాస్టరుకు, నీళ్ళ ట్యాంకు కడిగే అటెండరుకు, వంటమ్మలకు, అందరికీ పేరుపేరునా చెప్పింది.

అయిపోయిందనుకునేసరికి రాణి లేచింది. జాబితాలో ఆమె పేరు లేదు. మైకు దగ్గరికి వచ్చి, రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"నిన్న నాకు వంటమ్మ చీటీ వచ్చింది. నేను చింపేసిన. నన్ను ఎక్కిరిస్తున్నరనుకున్న. నీలా, చైతన్యా, మీరందరు నన్ను మాఫ్ చెయ్యాలె."

తొమ్మిదో తరగతి పిల్లలు బెలూన్లు పగలగొట్టడం ఆపారు.

"ఐదేండ్లు ఈ బడిల సదివిన. ఇయ్యాల వరుసల నూట నలభై మంది నిలబడ్డరు. ఎవ్వలకేం కావాలో నాకు తెల్వలేదు. మా అమ్మకు అందరిది తెలుసు. రోజు ఒక్క బడిలనే ఉన్నం ఇద్దరం. నేను ఆమెను సూడనట్టే పోతుంటి. సార్లకు అందరు థాంక్స్ చెప్పిండ్రు, నాయి గూడ అండ్లనే కలుపుకోండ్రి. నేను మా అమ్మకు చెప్త."

తల్లి కూర్చున్న వైపు తిరిగింది. చేతులు జోడించి నిలబడిపోయింది.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గేమ్యా మాత్రం లేచి నిలబడి కొట్టాడు. సారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఉల్లిగడ్డల ఘాటు," అంది. ఉల్లిగడ్డలు తరిగి నాలుగు గంటలైంది.

మైకు తెచ్చి ముత్తమ్మ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక, గరిట పట్టినట్టు పట్టుకుంది. ప్రభువును తలుచుకుంది. పదో తరగతి పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. వీళ్ళంతా ఆరో తరగతిలో తన నడుము దాకా కూడా రానివాళ్ళు.

"మంచిగ రాయుండ్రి," అంది. "పరీక్షల నాడు తినకుంట పోకుండ్రి. మీరు తింటుంటె సూసుడే నాకు సంతోషం. ఇన్నేండ్లు గా సంతోషం నాకు ఇచ్చిండ్రు. మీకే దండం."

అంతే. పెద్ద ఉపన్యాసాలు చెప్పిన సార్లు ఎవరూ ఆ పూట అన్ని కళ్ళు తడపలేకపోయారు.

*

షామియానా విప్పుతున్నారు. పిల్లలు ఒకరి చొక్కాల మీద ఒకరు పేర్లు రాసుకుంటున్నారు. ఆఫీసు వరండాలో మురళీధర్ సార్ తన కుర్చీ తాను తెచ్చుకుని వేసుకున్నాడు. ముత్తమ్మ ఎదురుగా నిలబడింది. పక్కనే రాణి, చేతిలో కొత్త అట్టా పెన్నూ పట్టుకుని.

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని ముత్తమ్మకు తెలుసు.

"సార్, ఒక మాట. ఎండాకాలం సెలవుల తర్వాత నేను పనికి రాను. మిర్యాలగూడ పోతున్నం. వేరేవాళ్ళను సూసుకోండ్రి."

సార్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆయన ఏదో అనేలోపే రాణి అందుకుంది.

"వస్తది సార్."

"నువ్వూకో," అంది ముత్తమ్మ.

"మా అమ్మ వస్తది సార్. జూన్‌ల బడి తెరిచిన్నాడే వస్తది. మిర్యాలగూడకు నేను పోత. హాస్టల్ల ఉంట, నాయిన ఎట్లాగు ఆ ఊళ్ళెనే ఉంటడు. ఆమెను ఈడికెళ్ళి తీస్కపోతే..." రాణి వంట షెడ్డు వైపు చూసింది. "గేమ్యాకు ఎవ్వలేస్తరు సార్?"

ముత్తమ్మ కూతురి ముఖంలోకి చూసింది. నా బిడ్డ నా పనికి సిగ్గుపడకూడదని ఆమె ఎన్నో ఏళ్ళుగా ప్రార్థన చేసింది. నా బిడ్డ నా కళ్ళముందే ఉండాలని కూడా చేసింది. మొదటిది ఇవాళ దొరికింది. దొరుకుతూనే రెండోదాన్ని చేతిలోంచి పట్టుకుపోతోంది. సంతోషానికి ఏడవాలో, దుఃఖానికి ఏడవాలో ఆమెకు తెలియలేదు. అందుకని ఏడవలేదు.

"ఇంత పెద్ద మాట నిలబడ్డకాడ తేలుస్తవా?" అంది.

"మరి నువ్వు నాకోసం నిలబడ్డకాడనే పని ఇడిసిపెడుతున్నవ్ గదా."

అంతలో కొంగు చాటున ఫోన్ మోగింది. సోమయ్య.

"కోదాడ బస్టాండ్ల దిగిన," అన్నాడు హుషారుగా. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి. "ఓనరు తాళంచెవి ఇచ్చిండు. మనోళ్ళ డీసీఎం బండి మిర్యాలగూడకు ఖాళీగ పోతుందంటే మాట్లాడిన. బీరువా, మంచాలు ఇయ్యాలనే ఏసుకపోదం, పరీక్షలైనంక మీరిద్దరు వద్దురు. డ్రైవర్ పక్కనే ఉన్నడు. గంటల వస్తం. మీ సార్‌కు చెప్పినవా?"

ముత్తమ్మ సార్ వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. అది ఆయన తేల్చేది కాదు.

"ఏయ్, ఇనవడుతుందా? చెప్పినవా లేదా?"

"ముందుగాల ఆ బండిని ఎనకకు పంపు," అంది ముత్తమ్మ.

"ఎందుకు?"

ఆమె ఫోన్ తీసి రాణి చేతిలో పెట్టింది. రాణి ఒక్క క్షణం తల్లిని చూసి, ఫోన్ చెవికి ఆనించుకుంది.

"నాయినా, నేను. జర ఇను. అమ్మ రాదు."

అవతల డ్రైవరు, పోదమా అన్నా, టైమైతాందని అడగడం తల్లీకూతుళ్ళిద్దరికీ వినిపించింది. దానికి సోమయ్య బదులు చెప్పలేదు.